పదకొండో మనిషి

రవాణా పన్ను ఖాయమైందని తెలిసిన రోజు డ్రైవరు ఇంటికి సంచీ నిండా పళ్లు తెచ్చాడు. ఆ ఇంట్లోకి పళ్లు వచ్చి చాలాకాలమైంది. సిటీ బస్సుల సంస్థ డ్రైవర్లకు నిండు జీతం ఇచ్చి ఏడాది దాటిపోయింది. ఒక నెల సగం, ఒక నెల పావు, ఒక్కోసారి అదీ లేదు. టిక్కెట్ల మీద వచ్చేది డీజిలుకే చాలడం లేదని, మిగతాది ఖజానా నుంచి రావాలని, ఖజానాలోనే లేనప్పుడు తామేం చేస్తామని పైవాళ్లు చేతులెత్తేసేవారు. ఇప్పుడు కొత్త చట్టం వచ్చింది. పదిమందికి మించి పనిచేసే ప్రతి కార్ఖానా, దుకాణం, ఆఫీసూ తలకింత అని నెలనెలా రవాణా పన్ను కట్టాలి. పనివాళ్లు వచ్చిపోయేది బస్సుల్లో, వాళ్ల కష్టం మీద బాగుపడేది యజమానులు, కాబట్టి బస్సుల ఖర్చులో కొంత వాళ్లూ మోయాలన్నది న్యాయం. పదిమందీ అంతకు తక్కువా ఉన్న చిన్నవాళ్లకు మినహాయింపు.

డ్రైవరు ఇదంతా పళ్లు కోస్తూ భార్యకూ చెల్లెలికీ విడమర్చి చెప్పాడు. చెప్తున్నంతసేపూ ఆ చట్టం తనే చేసినంత గర్వంగా ఉన్నాడు.

"ఇక ఒకటో తారీకంటే ఒకటో తారీకే. చిల్లర అప్పులకి సెలవు," అన్నాడు.

వింటున్న ఆడవాళ్లిద్దరూ గొడుగుల కార్ఖానాలో పనిచేసేవారు. ఆ కార్ఖానాలో పనివాళ్లు పదకొండు మంది. ఆ సంగతి ఆ సాయంత్రం ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

చెల్లెలిని కార్ఖానాలో అందరూ కాలిబండి అనేవారు. ఆమెకు బస్సు పడదు. చిన్నప్పటినుంచీ అంతే, ఎక్కి కూర్చుని రెండు మలుపులు తిరిగేసరికి కడుపులో ఉన్నదంతా బయటికొస్తుంది. డ్రైవరు చెల్లెలికి బస్సు పడకపోవడం ఏమిటని జనం నవ్వేవారు. వదిన, అంటే డ్రైవరు భార్య, కుటుంబానికి ఇచ్చే పాసు మీద బస్సులో వచ్చేది. కాలిబండి అంతకు చాలా ముందే ఇంట్లో పని ముగించుకుని నడిచి బయలుదేరేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మేస్త్రీ ఎగతాళి చేసేవాడు. కాలిబండి అని పేరు పెట్టిందీ అతనే. ఆమె ఏమీ అనుకునేది కాదు. కట్టుకున్నవాడు ఇంకొకతెను తెచ్చుకున్నాక అన్న గుమ్మం తొక్కిన మనిషి ఆమె. అంతకంటే పెద్ద మాటలు పడి ఉంది.

కార్ఖానాలో వదినా ఆడపడుచులది ఒకటే పని. మిషన్ల మీద కుట్టిన గుడ్డను ఊచల మీద పరిచి, అంచులను ఊచల మొనలకు సూదీదారంతో ముడివేయాలి. పక్కపక్క బల్లలు. కాలిబండి చెయ్యి వేగం. వదిన చెయ్యి కంటే నోరు వేగం. రెండు బల్లల గొడుగులూ ఒకే గంపలో పడేవి గనక ఎవరిది ఎంతన్నది ఎవరూ పట్టించుకోలేదు. వదిన వెనకబడిన రోజున కాలిబండి చెయ్యి చాచి ఆ బల్ల మీదివి కూడా తనే ముడివేసేది.

కొత్త పన్ను మొదలయ్యే నెలకు ముందు యజమాని మిషన్లు ఆపించి అందర్నీ ఒకచోట నిలబెట్టాడు. మంచి మనిషని పేరున్నవాడు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. పదకొండో మనిషి ఉంటే పదకొండు మందికీ పన్ను కట్టాలని, పదిమందే అయితే దమ్మిడీ కట్టక్కర్లేదని, గొడుగు మీద మిగిలేదే అంతంతమాత్రమని చెప్పాడు. ఎవరిని పొమ్మనడానికీ తనకు మనసొప్పడం లేదన్నాడు. అందుకని మీలో మీరే తేల్చుకోండి, అన్నం తిని లేచేలోపు మేస్త్రీకి ఒక పేరు చెప్పండి అని, చావు కబురు చల్లగా చెప్పి తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం అన్నం డబ్బాలు తెరిచారు కానీ ఎవరి చెయ్యీ నోటిదాకా పోలేదు. ఒకరి మొహం ఒకరు చూడరు. గుడ్డ కత్తిరించే ముసలాయన, అందరూ కత్తెర తాత అంటారు, తన వయసు సంగతి ఎవరైనా ఎత్తుతారేమోనని తలొంచుకుని కూర్చున్నాడు. కడుపుతో ఉన్న మిషను అమ్మాయి పైటను పొట్ట మీదికి లాక్కుంది. కొత్తగా చేరిన ప్యాకింగు కుర్రాడు తాను ఆఖరున వచ్చిన సంగతి ఎవరికీ గుర్తు రాకూడదని గోడవైపు తిరిగాడు.

చివరికి నోరు విప్పింది కత్తెర తాతే. తమాషాకి అన్నట్టే అన్నాడు.

"ఇది బస్సు పన్నా కాదా? బస్సే ఎక్కని మనిషికి బస్సు పన్ను కట్టడమేంటి? కాలిబండి మీద పన్ను వేస్తే చెప్పుల కొట్టువాడికెళ్లాలి కానీ."

అందరూ నవ్వారు. అంతసేపు బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలినట్టు పెద్దగా నవ్వారు. కాలిబండి కూడా నవ్వింది. నిజానికి అందరికంటే ముందు నవ్వింది ఆమే. మేస్త్రీ ఇంకో మాట కలిపాడు, మిషను అమ్మాయి ఇంకోటి కలిపింది, మళ్లీ నవ్వారు. అయితే నవ్వు ఆగాక కళ్లన్నీ ఆమె మీదే ఉన్నాయి. ఎవరూ చూపు తిప్పుకోలేదు. అప్పుడు ఆమెకు అర్థమైంది.

తన పని ఎలాంటిదో అందరికీ తెలుసునని, ఇన్నేళ్లలో ఒక్క రోజు ఆలస్యంగా రాలేదని ఆమె మెల్లగా అంది. అవునవునన్నారు అందరూ. నీ చెయ్యి బంగారమన్నాడు కత్తెర తాత. ఎవరూ కాదనలేదు, ఎవరూ ఇంకో పేరూ చెప్పలేదు. మిషను అమ్మాయి కాసేపు తటపటాయించి, పాపం ఆవిడ ఎక్కడికి పోతుంది, కట్టుకున్నవాడు కూడా లేడు కదా అంది. కాస్త జాలి కదిలింది. మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. ఆ క్షణంలో ఒక్కరు గట్టిగా అని ఉంటే మాట అటు తిరిగేదే.

అప్పుడు వదిన డబ్బా మూత పెడుతూ అంది.

"తను మా ఇంట్లో మనిషే కదా. తిండికి లోటు చెయ్యంలే. మీ అందరికీ అయితే ఎవరున్నారు చెప్పండి."

ఆ మాటతో అందరి మనసులూ తేలికపడ్డాయి. వదినే ఒప్పుకున్నాక తమకేం పాపమనుకున్నారు. ఎంత మంచి మనసని వదినను మెచ్చుకున్నారు కూడా. మేస్త్రీ లేచి యజమాని గది తలుపు తట్టాడు. వదిన మాత్రం డబ్బా కడగడానికి కొళాయి దగ్గరికి వెళ్లి చాలాసేపు రాలేదు. బల్లలు పక్కపక్కన ఉన్న ఇద్దరిలో కాలిబండి కాకపోతే తనే అన్న భయం ఆమెది. తన చెయ్యి నిదానమని ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రం డ్రైవరు సంగతంతా విన్నాడు. యజమానితో మాట్లాడతానన్నాడు. రేపన్నాడు. మర్నాడు డ్యూటీ మారిందన్నాడు. ఒకటో తారీకున నిండు జీతం వచ్చింది. ఆ తర్వాత ఆ ప్రస్తావన మళ్లీ రాలేదు.

వదిన మాట తప్పలేదు. తిండికి లోటు చేయలేదు. అయితే ఇంట్లో కూర్చుని తినే మనిషికి ఇంట్లో పని చేయడం ఎంతసేపు? ముందు అంట్లు, తర్వాత బట్టలు, తర్వాత వంట, ఒక్కొక్కటీ కాలిబండి చేతికి వచ్చి చేరాయి. వదిన సాయంత్రం వచ్చి కాళ్లు చాపుకుని కార్ఖానా కబుర్లు చెప్పేది. తన బల్ల మీద పని పేరుకుపోతోందని, మేస్త్రీ చిరాకుపడుతున్నాడని కూడా ఆమే చెప్పేది. సబ్బు అయిపోయినా, చెప్పు తెగినా కాలిబండి ఇప్పుడు అడగాలి. అడిగితే లేదనేవారు కాదు. ఎందుకన్నది మాత్రం తప్పకుండా అడిగేవారు.

రెండు నెలలు గడిచాక ఆమె కార్ఖానా గేటు దగ్గర నిలబడి మేస్త్రీని బతిమాలింది. రిజిస్టరులో పేరు లేకుండా, ఇంటి దగ్గర ముడులు వేసి తెచ్చిస్తే గొడుక్కి ఇంత అని ఇస్తామన్నారు. జీతంలో సగం కూడా రాదు. అదే మహాభాగ్యమని ఒప్పుకుంది. పేరు లేదు గనక పన్ను లేదు, యజమానికీ ఇబ్బంది లేదు. ఒకటే చిక్కు వచ్చింది. ఊచలూ గుడ్డలూ కలిపి కట్టిన మూట నెత్తిన పెట్టుకుని అంత దూరం నడవడం మనిషి వల్ల కాదు. సగం మూట ఇమ్మంది. తీసుకుంటే నిండు మూట తీసుకో, లేకపోతే వేరేవాళ్లున్నారన్నాడు మేస్త్రీ.

అలా కాలిబండి బస్సెక్కింది. టిక్కెట్టు కాక మూటకు సామాను చార్జీ. కుటుంబం పాసు డ్రైవరుకీ భార్యాపిల్లలకే కానీ చెల్లెలికి చెల్లదు. నిమ్మకాయ ముక్కుకు ఆనించుకుని, కళ్లు మూసుకుని, తలుపు దగ్గర నిలబడేది. కడుపులో తిప్పుతోందనిపించగానే దిగిపోయి, రోడ్డు పక్కన కక్కి, ఇంకో టిక్కెట్టు కొనుక్కుని ఇంకో బస్సెక్కేది. వచ్చిన దాంట్లో చాలావరకు బస్సుకే పోయేది.

ఒక రోజు ఆగిన బస్సులో స్టీరింగు ముందు అన్న కనబడ్డాడు. అతని రూటు మారిన సంగతి ఆమెకు తెలియదు. ప్రాణం లేచొచ్చింది. మూట ఈడ్చుకుంటూ వెళ్లి అన్నకు కనబడేలా ముందు సీటు కమ్మీ పట్టుకుని నిలబడింది. బస్సు కిక్కిరిసి ఉంది. అన్న అద్దంలో ఒకసారి చూసి కళ్లు రోడ్డు మీదికి తిప్పాడు. రెండు మలుపులు గట్టిగానే నిలుచుంది. మూడో మలుపులో బ్రేకు పడింది. ఆపుకోలేకపోయింది. పక్కనున్న పెద్దమనిషి బూట్ల మీద, ప్యాంటు మీద పడింది.

ఆయన అరుపుకు బస్సంతా ఇటు తిరిగింది. ఇలాంటివాళ్లను ఎక్కించుకుంటారు, మళ్లీ చార్జీలు పెంచాలంటారు అని ఎవరో అన్నారు. మనం కట్టే పన్నులతో నడిచే బస్సు ఇది అని ఇంకెవరో అన్నారు. కొత్త కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చి, బస్సు పాడుచేస్తే జరిమానా కట్టాలన్నాడు. ఆమె దగ్గర సామాను చార్జీ పోగా మిగిలింది చిల్లర. మొహం తుడుచుకుంటూ ఆమె అద్దంలోకి చూసింది. అన్న కళ్లు అందులో ఉన్నాయి. ఇప్పుడు చెప్తాడు, మా చెల్లెలని చెప్తాడు అనుకుంది. బస్సు వేగం తగ్గి పక్కకు ఆగినప్పుడు, లేచి వస్తున్నాడని కూడా అనుకుంది.

అతను తలుపు తెరిచాడు. వెనక్కి తిరగలేదు.

"దిగండమ్మా. త్వరగా దిగండి, వెనక బళ్లు ఆగిపోతున్నాయి."

పుట్టి బుద్ధెరిగాక అన్న ఆమెను ఏమే, ఒసే, చెల్లాయ్ అని తప్ప పిలిచి ఎరగడు. ఆ 'అండి' విన్నాక ఆమెకు కడుపులో తిప్పడం ఆగిపోయింది.

"దిగుతున్నానండీ," అంది.

కండక్టరు మూటను కిందికి తోశాడు. ఆమె దాని పక్కన రోడ్డు మీద చాలాసేపు కూర్చుని, తర్వాత నెత్తికెత్తుకుని నడిచింది.

రాత్రి భోజనం దగ్గర డ్రైవరు ఎవరినీ చూడకుండా చెప్పుకొచ్చాడు. చుట్టాలను ఊరికే ఎక్కించుకుంటున్నారని డ్రైవర్ల మీద ఫిర్యాదులున్నాయట. బస్సులో ఎవరు తనిఖీవాళ్లో, ఎవరు కాదో తెలియదట. ఉద్యోగం ఊడితే అందరూ రోడ్డున పడతారట.

"నేనేమీ అనలేదుగా అన్నయ్యా," అంది కాలిబండి, పళ్లెంలో ఇంకొంచెం అన్నం పెడుతూ.

ఏడాది తిరగకుండానే జీతాలు మళ్లీ వెనకబడ్డాయి. ఊళ్లో ఎక్కడ చూసినా పదకొండో మనిషి మాయమయ్యాడు. ఇరవైమంది ఉన్న దుకాణాలు రెండు పేర్లు పెట్టుకుని పదీ పదీ అయ్యాయి. పన్ను కట్టేవాళ్లు తగ్గారు, పన్ను మీద ఆశపెట్టుకుని కొన్న బస్సుల వాయిదాలు తగ్గలేదు. చార్జీలు పెంచారు, రూట్లు కొన్ని ఎత్తేశారు. డ్రైవరుకు సగం జీతం చేతిలో పెట్టి మిగతాది తర్వాతన్నారు. ఇల్లు ఇప్పుడు వదిన జీతం మీద నడుస్తోంది. ఆ మాట వదిన రోజుకొకసారైనా అనేది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం కార్ఖానా వ్యాను వీధిలో ఆగింది. మేస్త్రీ స్వయంగా మూట మోసుకొచ్చి గుమ్మంలో దించాడు. కాలిబండి ఒక్కతే ఉంది. మంచినీళ్లు తాగి, మేస్త్రీ నేరుగా విషయానికి వచ్చాడు. ఇంటి దగ్గర నువ్వు తేల్చే పని చూస్తే బల్ల మీద జీతానికి చేయించడం దండగనిపిస్తోందని యజమాని అంటున్నాడట. రోజూ ఇంకో మూట తీసుకుంటే ముడుల బల్లే అక్కర్లేదట. ముడుల బల్ల అంటే కార్ఖానాలో ఇక మిగిలింది ఒక్కటే.

"వదినకి చెప్పారా?" అని అడిగింది.

"నువ్వు ఒప్పుకుంటేనే చెప్తాం. కాదన్నావా, ఆవిడ ఉంటుంది. ఇదంతా నీ చేతిలో ఉంది."

రేటు పెంచుతారా అని అడిగింది. పెంచరన్నాడు. మూటలు మాత్రం వ్యానులో ఇంటికే పంపుతారు, బస్సెక్కే బాధ ఉండదన్నాడు.

ఆమె చేతిలో సగం కట్టిన గొడుగు ఉంది. ఆ మొన ముడి పూర్తిచేసి దారం కొరికింది. ఇంటికి వచ్చే ఒక్క నిండు జీతం పోతుందని ఆమెకు తెలుసు. అన్న మొహం, వదిన మొహం కళ్ల ముందు కదిలాయి. కాదనడానికి ఒక కారణం వెతుక్కుంది. దొరికిన కారణాలన్నీ వాళ్లకు మంచివే, తనకు ఒక్కటీ లేదు. మేస్త్రీ చెప్పుల్లో కాళ్లు పెడుతుంటే అంది.

"రేపటి నుంచి రెండు మూటలూ పంపండి. నేను అడిగానని మాత్రం అనకండి."

"నువ్వెక్కడ అడిగావు," అన్నాడు మేస్త్రీ.

మర్నాడు వదిన మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేసింది. గుమ్మంలోనే కూలబడి, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తనను ఏ ఒక్కరూ వెనకేసుకు రాలేదంది. కత్తెర తాత తలెత్తలేదు, మిషను అమ్మాయి మిషను ఆపలేదు. కాలిబండి మంచినీళ్లు ఇచ్చింది. అన్నం పెట్టమంటావా అని అడిగింది.

ఆ మర్నాడు పొద్దున డ్రైవరు డ్యూటీకి వెళ్లాక వదిన వచ్చి ఆడపడుచు పక్కన చతికిలబడింది. సూది పట్టిన ఆమె చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే నీకీ గతి పట్టేది కాదు. పని పోవడమంటే ఏంటో నాకు నిన్నే తెలిసింది. నన్ను క్షమించమ్మా. నువ్వయితే నాకిలా చేసేదానివి కాదు."

కాలిబండికి నిజం గొంతుదాకా వచ్చింది. చెప్తే ఏమవుతుందో కూడా తోచింది. ఈ ఇంట్లో తన చాప కూడా తనది కాదు. అయితే ఆమె ఊరుకున్నది ఆ భయంతో మాత్రమే కాదు. వదిన కన్నీళ్లు తన చేతి మీద పడుతుంటే ఆమెకు హాయిగా ఉంది. ఎన్నాళ్లుగానో లేనంత హాయిగా ఉంది. సిగ్గు వేస్తుందేమోనని కాసేపు చూసింది. వేయలేదు.

"ఏడవకు వదినా. మూటలు రెండొస్తాయి. ఒకటి నువ్వు కడుదువుగాని," అంది.

అప్పటినుంచీ వదినా ఆడపడుచులు ఒకే గదిలో, ఒకే కిటికీ వెలుగులో గొడుగులు కడుతున్నారు. వదిన కట్టినవన్నీ కాలిబండి తెరిచి చూస్తుంది. వదులుగా ఉన్న ముడిని బ్లేడుతో కోసి, మాట్లాడకుండా వెనక్కి ఇస్తుంది. బాగున్న ముడిని కూడా ఒక్కోసారి కోస్తుంది. వదిన కిక్కురుమనకుండా మళ్లీ కడుతుంది. అన్న సాయంత్రం వచ్చి సబ్బుకో, చెప్పుకో చెల్లెలినే అడుగుతాడు. ఆమె ఎందుకని అడిగి ఇస్తుంది. వారం చివర మేస్త్రీ రెండు మూటల కూలీ ఆమె చేతికే ఇస్తాడు. అందులో సగం కంటే తక్కువ తీసి, మనకు ఇంతే గిడుతోంది వదినా అని ఇస్తుంది. వదిన ఆ డబ్బును కళ్లకద్దుకుని తీసుకుంటుంది.